ప్రేమకథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ చదివాను. పాతపట్నం కుర్రాడు, పర్లాకిమిడి ఒడియా అమ్మాయి, ఇద్దరికీ మధ్య గుణుపూర్ రైలు. రెండు పేజీలు బాగా నడిచాయి, మూడో పేజీలో మాత్రం "మెదడులో డోపమైన్ ఊరింది, ప్రేమంటే అంతే" అన్నావు. అక్కడ నాకు కోపమొచ్చింది. సైన్సు పెట్టినందుకు కాదు, సగమే పెట్టినందుకు.

హెలెన్ ఫిషర్, ఆర్థర్ ఆరన్, లూసీ బ్రౌన్ అనే పరిశోధకులు పీకల్లోతు ప్రేమలో ఉన్న 17 మందిని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి, ప్రేమించిన మనిషి ఫొటో చూపించారు, ఆ ఫలితాలు 2005లో వచ్చాయి. మెదడు అడుగున డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలుండే చోట చురుకుదనం కనిపించింది. కావలసినదాని కోసం మనల్ని లేపి నడిపించే ఏర్పాటులో అదొక భాగం. అందుకే ఫిషర్ ప్రేమను ఆకలిదప్పుల పక్కన కూర్చోబెట్టింది. కథ రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? దాహమేసినవాడు దాహాన్ని వర్ణించుకుంటూ కూర్చోడు, బావి ఎటుందో వెతుక్కుంటాడు. నీ గుంటడి గుండెదడకి రెండు పేరాలు ఖర్చుపెట్టావు కానీ ఆ పిల్ల ఏ పెట్టె ఎక్కుతుందో తెలుసుకోడానికి వాడు ఏం చేశాడో, వాళ్లమ్మతో మాట్లాడ్డానికి ఎన్ని ఒడియా మాటలు నేర్చుకున్నాడో ఒక్క ముక్క లేదు. గిడుగు రామమూర్తి గారు సవరల భాష పట్టుబట్టి నేర్చుకున్న ఊరు కదా పర్లాకిమిడి, ఆ ఒడియా మాటలు ఇంట్లో ఎలా పలుకుతారో అలాగే రాయి.

ఇక "అంతే" అన్న మాట కొట్టెయ్. అమెరికా గడ్డిమైదానాల్లో ప్రెయిరీ వోల్ అని ఎలుకలాంటి చిన్న ప్రాణి ఉంది, అది జంట కట్టి పిల్లల్ని కలిసి సాకుతుంది. అలా జంట కట్టడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోన్‌ని అందుకునే గ్రాహకం కణాల మీద తప్పనిసరని చాలాకాలం అనుకున్నారు. 2023లో ఆ గ్రాహకం లేకుండా పుట్టించిన వోల్స్ కూడా జంట కట్టాయి! మనుషుల సంగతికొస్తే, బిడ్డని ఏళ్ల తరబడి సాకాలి కాబట్టే ఈ బంధం నిలిచిందని చాలామంది అంచనా, దాన్ని అంచనాగానే రాయి.

మీ వదిన ఒడియా ఇంటి పిల్ల. పెళ్లయిన కొత్తలో ఆవిడ పఖాళ, అంటే నీళ్లలో నానబెట్టిన అన్నం, పెడితే నేను ముద్ద మింగలేకపోయేవాణ్ని. ఇప్పుడు ఆవిడ కూతురి దగ్గరకి బరంపురం వెళ్తే, రాత్రి అన్నంలో నీళ్లు పోసి నానబెట్టి, పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని తింటున్నాను. నన్నడిగితే నీ మూడో పేజీలో ఉండాల్సింది ఇలాంటిదేదో.

తిరగరాసి పంపు, చదువుతాను.

మీ అన్నయ్య