గడగడా చదివే పాపకు ‘అవగాహన మెరుగుపడాలి’ అని ఎందుకు రాశారు?

రెండో తరగతి చదివే మీ అమ్మాయి కథను ఎక్కడా తడబడకుండా చదివేస్తుంటే, పఠన పరీక్షలో అవగాహన తక్కువని ఎలా వచ్చింది, టీచరు పొరపడ్డారా అని అడిగారు. ప్రాథమిక తరగతులకు పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి, తల్లిదండ్రుల సమావేశాల్లో ఈ ప్రశ్న తరచూ వింటాను. చాలాసార్లు తల్లి చెప్పిందీ నిజమే, టీచరు రాసిందీ నిజమే.

గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో దీన్ని ఒక లెక్కగా చెప్పారు. చదివి అర్థం చేసుకోవడమంటే రాతను పలుకుగా మార్చగలగడం, విన్న భాషను గ్రహించగలగడం, ఈ రెండింటి గుణకారం. కూడిక కాదు. ఒకటి సున్నా అయితే రెండోది ఎంత ఉన్నా ఫలితం సున్నాయే. మనకు వినిపించేది మొదటిది కాబట్టి దాన్ని చూసే మురిసిపోతాం.

తేడా ఎక్కడుందో ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. ఆమె చదవని, అదే స్థాయి కథ ఒకటి మీరు చదివి వినిపించండి. తర్వాత పుస్తకం మూసి, ఏం జరిగింది, ఎందుకు జరిగింది అని అడగండి. విన్నది చక్కగా చెప్పి, తాను చదివింది మాత్రం చెప్పలేకపోతే ఆమె ధ్యాసంతా పలకడం మీదే పోతోందన్నమాట. విన్నా చెప్పలేకపోతే పదసంపద, విషయ పరిచయం పెంచాలి. అప్పుడు ఇంకా వేగంగా చదివించడం దండగ. కథలు చెప్పండి, మాట్లాడించండి.

ఇక అంకెల సంగతి. పిల్లలు బిగ్గరగా చదువుతుంటే ప్రతి పదానికీ కాగితం మీద తప్పొప్పుల గుర్తు పెట్టే పద్ధతిని న్యూజిలాండ్‌కు చెందిన మేరీ క్లే రూపొందించారు. అందులో నూటికి 95, ఆపైన పదాలు సరిగా చదివితే ఆ పుస్తకం తేలిక. 90 నుంచి 94 అయితే పెద్దల తోడు కావాలి. 90 కన్నా తగ్గితే కష్టం. పరీక్షల్లో తొంభై అంటే పండగ చేసుకునే మనకు ఇది మింగుడుపడదు. కానీ ప్రతి పదో పదం తప్పితే కథలో మిగిలేదేముంది? అన్నట్టు, తప్పు చదివి తానే దిద్దుకుంటే అది తప్పుల్లోకి రాదు. పిల్ల అర్థం చూసుకుంటూ చదువుతోందనడానికి అది మంచి గుర్తు.

రిపోర్టులో పర్సంటైల్ అని ఉంటే దాన్ని మార్కులుగా చదవకండి. 60 అంటే పోల్చి చూసిన పిల్లల్లో సుమారు అరవై శాతం కన్నా ముందుందని.

రిపోర్టులో ‘స్వయంగా పని చేయడం’, ‘సహకారం’ అని ఇచ్చే గ్రేడ్లు తెలివికి కొలత కావు, తరగతిలో కనిపించిన అలవాట్లు. అక్కడ తక్కువ వచ్చిందని పిల్లను మందలించే ముందు, ఏ పనిలో అలా అనిపించిందో టీచరును అడగండి. లెక్కల్లో చొరవ చూపే పిల్ల బొమ్మలు వేసేటప్పుడు పక్కవాళ్ల వైపు చూస్తూ కూర్చోవచ్చు.

ఈసారి సమావేశానికి వెళ్లినప్పుడు, పాప చదువుతుండగా గుర్తులు పెట్టిన కాగితం ఉంటే చూపించమనండి. గ్రేడు కన్నా అందులోనే ఎక్కువ తెలుస్తుంది. నన్ను అలా అడిగేవాళ్లు తక్కువ, మిగతా పిల్లలకు ఎంత వచ్చిందని అడిగేవాళ్లే ఎక్కువ.