తిరుపతి ఇల్లు, చిత్తూరు ఆఫీసు, చేతిలో ఫోన్: మూడింట్లో ఒకే నోట్సు ఉండాలంటే

మీ అవసరం ఇదీ: తిరుపతి ఇంట్లో లినక్స్ డెస్క్‌టాప్, చిత్తూరు ఆఫీసులో విండోస్ లాప్‌టాప్, దారిలో ఆండ్రాయిడ్ ఫోన్. మార్క్‌డౌన్ (సాదా టెక్స్ట్‌లోనే చిన్న గుర్తులతో హెడింగ్‌లూ అవీ రాసే పద్ధతి) నోట్సు మూడింట్లోనూ ఒకేలా ఉండాలి, పైసా కట్టకూడదు, రైల్లో సిగ్నల్ లేకపోయినా రాసుకోగలగాలి.

దీనికి గిట్ (ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్) చాలు. కమిట్ (మార్పుల్ని చరిత్రలో నమోదు చేయడం) మీ మెషీన్‌లోనే జరుగుతుంది, పంపేటప్పుడు (పుష్), తెచ్చుకునేటప్పుడు (పుల్) మాత్రమే నెట్ కావాలి. గిట్ ఫోల్డర్లను నెట్‌లో ఉంచుకునే సైటు గిట్‌హబ్‌లో ప్రైవేట్ రిపాజిటరీలు (మీకు మాత్రమే కనిపించే ఫోల్డర్లు) 2019 జనవరి నుంచి ఉచితం. కాకపోతే 2021 ఆగస్టు 13 నుంచి కమాండ్ లైన్‌లో అకౌంట్ పాస్‌వర్డ్ పనిచేయదు, దాని బదులు కీ (మెషీన్‌ను గుర్తుపట్టే ఫైలు) వాడొచ్చు. ప్రతి మెషీన్‌లో 'ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -టి ఈడీ25519' కొట్టి, తయారైన .పబ్ ఫైల్లోని లైనును గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో పెట్టండి. (కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి.) ఒకే కీని మూడుచోట్లా కాపీ చేయకండి. విడివిడిగా ఉంటే ఫోన్ పోయినప్పుడు దాని కీ ఒక్కటి తీసేస్తే సరిపోతుంది.

వరుస ముఖ్యం: 'గిట్ యాడ్ --ఆల్', 'గిట్ కమిట్', 'గిట్ పుల్ --రీబేస్', 'గిట్ పుష్'. రీబేస్ అంటే తెచ్చుకున్న మార్పుల పైన మీ కమిట్లను మళ్లీ పేర్చడం, కమిట్ చేయకుండా పుల్ కొడితే అది మొరాయిస్తుంది. నాలుగింటినీ && తో కలిపి ఒకే లైనుగా పెట్టుకునేవాళ్లే ఎక్కువ, చిక్కంతా అక్కడే. కొత్తగా ఏమీ రాయని రోజు కమిట్ కమాండ్ ఫెయిల్ కింద లెక్క, దాంతో లైను అక్కడే ఆగిపోయి పుల్ జరగదు. మీరేమో తాజా నోట్సు వచ్చేసిందనుకుని పాతదాని మీదే రాస్తుంటారు. కమిట్ తర్వాత సెమికోలన్ పెట్టండి, && పుల్‌కీ పుష్‌కీ మధ్య ఉంటే చాలు.

ఇక గొడవంతా కాన్‌ఫ్లిక్ట్‌లతోనే, అంటే రెండుచోట్ల చేసిన మార్పుల్లో ఏది ఉంచాలో గిట్ తేల్చుకోలేకపోవడం. గిట్ లెక్క చూసేది లైన్లవారీగా. పెద్ద పేరాను ఒకే లైనుగా రాస్తే, ఇంట్లో దాని మొదటి మాట, ఫోన్‌లో చివరి మాట మార్చినా గిట్‌కి అది ఒకే లైను, కాన్‌ఫ్లిక్ట్ ఖాయం. వాక్యానికో లైను చొప్పున రాయండి. మార్క్‌డౌన్ చూపించేటప్పుడు మామూలుగా వాటిని ఒకే పేరాగా కలిపేస్తుంది (కొన్ని యాప్‌లలో దానికి ఒక సెట్టింగ్ మార్చాలి). రెండుచోట్లా ఒకే ఫైలు చివర లైన్లు చేర్చినా కాన్‌ఫ్లిక్టే. రోజువారీ ఖర్చుల్లాంటి ఫైళ్లకు .గిట్‌యాట్రిబ్యూట్స్‌లో (ఏ ఫైలును ఎలా చూడాలో గిట్‌కి చెప్పే ఫైలు) 'మెర్జ్=యూనియన్' రాస్తే రెండు వైపుల లైన్లూ ఉంచేస్తుంది. వరుస తారుమారు కావచ్చు, ఒకే లైనును రెండుచోట్లా దిద్దితే రెండు రూపాలూ మిగిలిపోతాయి. అందుకే చేర్చుకుంటూ పోయే ఫైళ్లకే పెట్టండి. రీబేస్ మధ్యలో ఇరుక్కుంటే కంగారుగా కమిట్లు కొట్టొద్దు, 'గిట్ రీబేస్ --అబార్ట్' అంటే మొదటికి వచ్చేస్తారు.

.గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైల్లోనే '* టెక్స్ట్=ఆటో ఈఓఎల్=ఎల్ఎఫ్' అనే లైను కూడా పెట్టండి. లేకపోతే లైను చివరి గుర్తులో తేడా వల్ల విండోస్‌లో సేవ్ చేసిన ఫైలు మొత్తం మారినట్టు చూపించవచ్చు.

తెలుగు ఫైలు పేర్లకు వేరే తిప్పలున్నాయి. 'తి' అనే పేరు గిట్ స్టేటస్‌లో \340\260\244\340\260\277 అని కనిపిస్తుంది. పాడైందని బెంబేలెత్తకండి, 'కోర్.కోట్‌పాత్' సెట్టింగును ఫాల్స్ చేస్తే అక్షరాలు వస్తాయి. లినక్స్‌లో ఫైలు పేరుకు 255 బైట్లే పరిమితి. తెలుగులో అక్షరానికి 3 బైట్లు, గుణింతపు గుర్తుకి ఇంకో 3, ఒత్తుకి 6 పోతాయి, 'శ్రీకాళహస్తి' ఒక్కటే 36. పేరులో ప్రశ్నార్థకం, కోలన్ ఉంటే లినక్స్ ఊరుకుంటుంది గానీ విండోస్‌లో ఫైలు దిగదు. అన్నిటికన్నా మాయదారిది కంటికి కనపడని విడదీత అక్షరం. 'లాప్‌టాప్' అని ఒక కీబోర్డు దాన్ని పెట్టి, ఇంకోటి వేరేలా రాస్తే ఇంచుమించు ఒకేలా కనిపించే రెండు ఫైళ్లు తయారవుతాయి, వెతికితే ఒకటే దొరుకుతుంది. నా సలహా: పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, లోపల శుభ్రంగా తెలుగు.

ఫోన్‌లో టెర్మక్స్‌ను (కమాండ్లు కొట్టే యాప్) ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచి వేసుకోండి. 'పీకేజీ ఇన్‌స్టాల్ గిట్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్', ఆపైన 'టెర్మక్స్-సెటప్-స్టోరేజ్'. ఎడిటర్ యాప్‌కి కనపడాలని షేర్డ్ స్టోరేజ్‌లోకి క్లోన్ చేస్తే (రిపాజిటరీ కాపీ దించుకుంటే), ఫోల్డర్ యజమాని మీద అనుమానం ఉందని గిట్ ఆగిపోతుంది. ఆ ఎర్రర్ కిందే 'సేఫ్.డైరెక్టరీ' కమాండ్ ఉంటుంది, యథాతథంగా కొట్టండి. అబ్సిడియన్ అనే నోట్సు యాప్ వాడితే వర్క్‌స్పేస్.జేసన్‌ను .గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) పడేయండి, ట్యాబ్ మార్చినా ఆ ఫైలు మారుతుంది.

ఫోల్డర్‌ను గూగుల్ డ్రైవ్‌లో కూడా పెట్టొద్దు, రెండు సింక్‌లు కలిస్తే చరిత్ర దాచే .గిట్ ఫోల్డర్ పాడవ్వచ్చు. పాస్‌వర్డ్‌లు, ఆధార్ స్కాన్లు అసలే వద్దు, ఫైలు తీసేసినా పాత కమిట్లలో ఉంటాయి.

ఆఫీసు నెట్‌వర్క్‌లో 22 పోర్టు (ఎస్‌ఎస్‌హెచ్ మామూలుగా వెళ్లే దారి) మూసేసి ఉంటే పుష్ ఉలకదు పలకదు. అప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో గిట్‌హబ్‌కి హోస్ట్‌నేమ్ 'ఎస్‌ఎస్‌హెచ్.గిట్‌హబ్.కామ్', పోర్టు 443 అని పెట్టండి. ఆఫీసు మెషీన్ కాబట్టి ముందు మీ ఐటీ వాళ్లను ఒక మాట అడగండి.