వోల్ఫ్-రాయే నక్షత్రం పక్కన తోడును వెతికేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

పరిశోధనకు వోల్ఫ్-రాయే నక్షత్రాలను, అంటే మహా వేడిగా ఉండి తమ పైపొరల వాయువును ఉధృతంగా బయటికి విసిరే భారీ నక్షత్రాలను, ఎంచుకున్నావనీ, వాటిలో ఏది ఒంటరిదో ఏది జంటదో తేల్చే పనిలోకి దిగుతున్నావనీ చదివి సంతోషించాను. 1867లో పారిస్ వేధశాలలో వోల్ఫ్, రాయే అనే ఇద్దరు సిగ్నస్ మండలంలో తొలిసారి గుర్తించిన ఈ జాతి మీద మన ఖగోళశాస్త్రవేత్త వైణు బప్పుకు జీవితమంతా ఆసక్తి ఉండేది. ఆయన తండ్రి పనిచేసింది హైదరాబాదు నిజామియా వేధశాలలోనే కనుక, ఇది మనకు మరీ పరాయి విషయమేమీ కాదు.

నా పొరపాటుతోనే మొదలుపెడతాను. ఒక నక్షత్రం వర్ణపటాన్ని వరుసగా ఐదు రాత్రులు తీసి, ఉద్గార రేఖ (వర్ణపటంలో ప్రకాశంగా కనిపించే గీత) ఆకారం ఏ రాత్రికారాత్రి మారుతున్నదని గమనించి, తోడు నక్షత్రం దొరికిందని పుస్తకంలో రాసుకున్నాను. మరుసటి ఏడాది చూస్తే ఆ మార్పుల లయ జాడే లేదు. ఈ నక్షత్రాల నుంచి సెకనుకు వెయ్యి నుంచి మూడు వేల కిలోమీటర్ల వేగంతో వీచే పవనం, అంటే బయటికి పారే వాయువు, నునుపుగా రాదు, ముద్దలు ముద్దలుగా వస్తుంది. ఆ ముద్దలే నన్ను ఆడించాయి. డబ్ల్యూఆర్ 6 (డబ్ల్యూఆర్ అంటే వోల్ఫ్-రాయే) అనే నక్షత్రంలో 3.77 రోజులకోసారి మళ్లీ వచ్చే మార్పు, అంటే ఆవర్తనం, దశాబ్దాలుగా కనిపిస్తున్నా, అది తోడు వల్లనా, నక్షత్రం తన చుట్టూ తాను తిరగడం వల్లనా అన్న వాదం సాగుతూనే వచ్చింది. కాబట్టి ఆవర్తనం దొరికినంత మాత్రాన తోడు దొరికిందనుకోకు.

నక్షత్రం మన వైపు వస్తున్నదో, దూరం పోతున్నదో రేఖల జరుగుబాటుతో వేగాలు కొలిచేటప్పుడు ఒక్క రేఖనే నమ్ముకోవద్దు. పవనంలో వేర్వేరు లోతుల్లో పుట్టే రేఖలు వేర్వేరు సగటు వేగాలు చూపుతాయి కనుక, సగటును పక్కనపెట్టి మార్పులను పోల్చాలి. తోడు ఓ-తరగతి (చాలా వేడి, నీలి) నక్షత్రమైతే దాని శోషణ రేఖలు (వర్ణపటంలోని నల్లటి గీతలు), వోల్ఫ్-రాయే ఉద్గార రేఖలు ఎరుపు వైపు జరిగినప్పుడు నీలం వైపు జరగాలి. అలా జరగకపోతే, అదే చూపులో పడిన వేరొక దూరపు నక్షత్రాన్ని నువ్వు తోడుగా భ్రమిస్తున్నావేమో చూసుకో.

ఇక ధూళి సంగతి. మండిపోయే నక్షత్రం దగ్గర, అంత అతినీలలోహిత కాంతిలో, ధూళి రేణువు పుట్టడమే అసంభవమనిపిస్తుంది. అయినా కార్బన్ ఎక్కువగా ఉన్న వోల్ఫ్-రాయేల చుట్టూ అది కనిపిస్తుంది; తోడు పవనంతో దీని పవనం ఢీకొన్న చోట వాయువు నొక్కుకుపోయి, చల్లబడి, మసి లాంటి రేణువులు కడుతుంది. సిగ్నస్‌లోని డబ్ల్యూఆర్ 140 దీనికి చక్కని పాఠం. దాని కక్ష్య దాదాపు 7.93 ఏళ్లది, బాగా సాగిన దీర్ఘవృత్తం. రెండు నక్షత్రాలూ అతి దగ్గరకు వచ్చినప్పుడే ధూళి పుడుతుంది. 2022లో వెలువడిన జేమ్స్ వెబ్ చిత్రంలో ఆ ధూళి ఒకదాని వెలుపల ఒకటిగా కనీసం పదిహేడు వలయాలుగా కనిపించింది. చెట్టు కాండంలోని వలయాలను చూసి వయసు లెక్కపెట్టినట్టు, వాటిని చూసి కక్ష్యలను లెక్కపెట్టవచ్చు.

అయితే పరారుణంలో ప్రకాశం పెరిగితే అది ధూళేనని తొందరపడకు. అయనీకరణం చెందిన (పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన) పవనంలో ఎలక్ట్రాన్ల వల్లనే కొంత పరారుణ కాంతి వస్తుంది. పవనం కాంతి తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ నునుపుగా తగ్గుతుంది. ధూళి కాంతి మాత్రం దాని ఉష్ణోగ్రతను బట్టి ఒకచోట ఉబ్బుగా కనిపిస్తుంది. ఒక్క 2.2 మైక్రాన్ల కొలతతో ఈ రెండింటినీ విడదీయలేవు, ఇంకా పొడవైన తరంగదైర్ఘ్యాల్లోనూ కొలవాలి. తోడు ఉంటే ధూళి ఉండి తీరాలనీ లేదు: గామా వెలోరమ్ అనే నక్షత్రంలోని వోల్ఫ్-రాయే జంట 78.5 రోజులకోసారి తిరుగుతున్నా దాని దగ్గర ధూళి కనిపించదు.

బొమ్మ అందంగా ఉన్నప్పుడు మరీ జాగ్రత్తగా ఉండు. 1999లో హవాయిలోని కెక్ దూరదర్శిని చూపిన డబ్ల్యూఆర్ 104 ధూళి సుడి, మనకు నేరుగా ఎదురుగా ఉన్నట్టే ఉంటుంది. తర్వాత వర్ణపట కొలతలతో కక్ష్యను లెక్కకట్టినప్పుడు, అది ఆ ధూళి తలం నుంచి 30 నుంచి 40 డిగ్రీలు వాలి ఉన్నదని తేలింది. బొమ్మనే నమ్మి కక్ష్య వాలును రాసేసుకున్నవాళ్లు మళ్లీ లెక్కలు వేసుకోవలసి వచ్చింది.

డబ్ల్యూఆర్ 140 జంట మళ్లీ దగ్గరయ్యేది 2032 చివరి నెలల్లో. సిగ్నస్ మన నడినెత్తికి చేరే వేళకు వర్షాకాలపు మబ్బులు కమ్ముకుంటాయి కాబట్టి అక్టోబరు, నవంబరు సాయంకాలాల మీదే ఆశ పెట్టుకో. ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్ వేధశాలలోని 3.6 మీటర్ల దూరదర్శినిలో సమయం దొరికితే, దగ్గరి పరారుణ వర్ణపటాలను ఇప్పటినుంచే ఏటా తీస్తూ పోతే, ఆ నాటికి పోల్చడానికి ధూళి లేని రోజుల కొలతలు నీ చేతిలో ఉంటాయి. ప్రతి రాత్రీ అదే ప్రామాణిక నక్షత్రాన్ని (కొలతలను సరిచూసుకోవడానికి వాడే తెలిసిన నక్షత్రాన్ని) తప్పకుండా తీయి. మొదటి ఆరు నెలల కొలతలు చేరగానే, ఆ ప్రామాణిక నక్షత్రానివి కూడా కలిపి నాకు పంపు. ముందు వాటినే చూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న