పిజ్జాకు న్యూయార్క్, హాట్ డాగ్‌కు షికాగో

న్యూయార్క్, షికాగో రెండూ చూడబోతున్నాం, పిజ్జా, హాట్ డాగ్ ఎక్కడ తినాలని అడిగారు. న్యూయార్క్ పక్కనే ఉన్న న్యూజెర్సీలో కొన్నేళ్లు ఉద్యోగం చేసి, ఇప్పుడు షికాగో శివార్లలో ఉంటున్నాను. నా మాట పైన శీర్షికలోనే ఉంది.

న్యూయార్క్ పిజ్జాను ముక్కల లెక్కన అమ్ముతారు. పెద్ద ముక్క, పలుచటి అడుగు. మధ్యకు మడిచి నడుస్తూ తినేయవచ్చు. మడిచినప్పుడు అంచు కరకరలాడాలి, అడుగు మాత్రం విరగకూడదు. పిండి బాగుంటే పైన చీజ్ తప్ప ఏమీ అక్కర్లేదు, శాకాహారులకు చింతే లేదు.

షికాగో అనగానే అందరూ డీప్ డిష్ అంటారు. 1943లో అక్కడి పిజ్జేరియా ఊనో అనే రెస్టారెంట్‌లో పుట్టిందది. లోతైన పళ్లెంలో పిండి పరిచి, దాని మీద చీజ్, అన్నిటికన్నా పైన టమాటా గుజ్జు వేస్తారు. చాలాసేపు కాలాలి కాబట్టి చీజ్ పైన ఉంటే మాడిపోతుంది. ఒకసారి రుచి చూడండి, చాలు. ఇక్కడివాళ్లు మామూలు రోజుల్లో తెప్పించుకునేది టావెర్న్ పిజ్జా. అప్పడంలా పలుచగా, చదరపు ముక్కలుగా కోసి ఉంటుంది. నాకు అదే ఇష్టం.

హాట్ డాగ్ విషయంలో మాత్రం షికాగోకు సాటి లేదు. గసగసాలు అద్దిన మెత్తటి బన్నులో సాసేజ్ అనే మాంసపు కడ్డీ, పసుపు రంగు మస్టర్డ్ (ఆవముద్ద), మెరిసే ఆకుపచ్చ తీపి రెలిష్ (సన్నగా తరిగిన ఊరగాయ), ఉల్లి తరుగు, టమాటా ముక్కలు, ఉప్పునీటిలో ఊరిన కీరదోస బద్ద, ఊరబెట్టిన చిన్న మిరపకాయలు, చివరగా సెలెరీ ఉప్పు. పులుపు, కారం, తీపి, ఉప్పు ఒకే కొరుకులో నోటికి తగులుతాయి. మన నాలుకకు ఇంతకన్నా ఏం కావాలి! కెచప్ అడగకండి. రెలిష్‌లో తీపి, బన్నులో టమాటా ఉండగా అది మిగతా రుచులన్నింటినీ మింగేస్తుంది.

న్యూయార్క్ బండ్ల దగ్గర వేడినీటిలో ఉంచిన సాసేజ్‌కు ఘాటైన గోధుమరంగు మస్టర్డ్, పులియబెట్టిన క్యాబేజీ జోడిస్తారు. ఆకలి తీరుతుంది, అంతే. అక్కడే తినాలనుకుంటే 1916 నుంచి న్యూయార్క్ సముద్రతీరంలోని కోనీ ఐలాండ్‌లో ఉన్న నేథన్స్ అనే హాట్ డాగ్ దుకాణానికి వెళ్లండి. పెనం మీద కాల్చి ఇస్తారు.

ఒక ముఖ్యమైన విషయం: రెండు ఊళ్లలోనూ సాసేజ్ ఎక్కువగా గొడ్డు మాంసమే. మీ ఇంట్లో తినకపోతే ముందే అడగండి. కొన్ని దుకాణాల్లో శాకాహార సాసేజ్ దొరుకుతుంది, పైన వేసేవన్నీ అవే కాబట్టి రుచి పెద్దగా తగ్గదు.

షికాగో నుంచి కారులో తూర్పుకు వెళ్తుంటే డెట్రాయిట్‌లో ఆగండి. అక్కడి దీర్ఘచతురస్రపు పిజ్జా 1946లో బడ్డీస్ అనే రెస్టారెంట్‌లో మొదలైంది. చీజ్‌ను పళ్లెం అంచుల దాకా పరుస్తారు, అది కరిగి గోధుమరంగులో కరకరలాడుతుంది. మూల ముక్క మీరే తీసుకోండి.