కోల్డ్ స్ప్రే అల్యూమినియం గట్టిగా ఉన్నా సాగకుండానే ఎందుకు తెగుతుంది?

కోల్డ్ స్ప్రేతో చేసిన మీ 6061 అల్యూమినియం మిశ్రమలోహపు నమూనా, మీరు రాసినట్టు, కాఠిన్యంలో మామూలు ప్లేటుకు దరిదాపుగా ఉండి, తన్యత పరీక్షలో (లాగి చూసినప్పుడు) మాత్రం సాగకుండానే తెగిపోయిందంటే యంత్రాన్ని అనుమానించనక్కరలేదు. నేను పరీక్షించిన నమూనాల్లోనూ, వేడిచికిత్సకు ముందు, ఇదే తీరు కనిపించింది.

కోల్డ్ స్ప్రే అంటే లోహపు పౌడర్‌ను వేగంగా చిమ్మి పొరలుగా పేర్చే పద్ధతి; ఇందులో పౌడర్ కరగదు. సుమారు 10 నుంచి 50 మైక్రాన్ల కణాలు నైట్రోజన్ లేదా హీలియం ప్రవాహంలో సెకనుకు వందల మీటర్ల వేగంతో వచ్చి ఢీకొంటాయి. ఆ తాకిడికి ఆక్సైడ్ పొర పగిలి, లోపలి శుభ్రమైన లోహాలు ఒకదాన్నొకటి తాకిన చోటే అతుకు ఏర్పడుతుంది. అదే తాకిడి కణాల లోపల డిస్లొకేషన్లను (స్ఫటిక అమరికలోని లోపాలను) విపరీతంగా పెంచి, గ్రెయిన్లను (లోహంలోని చిన్న స్ఫటికాలను) సన్నం చేస్తుంది కనుక కాఠిన్యం పెరుగుతుంది. కాఠిన్యం కొలిచే విక్కర్స్ పరీక్ష లోహాన్ని నొక్కి చూస్తుంది కాబట్టి, కణాల మధ్య అరకొర అతుకులు దానికి పెద్దగా పట్టుబడవు. లాగినప్పుడు మాత్రం పగులు ఆ అతుకుల వెంటే సాగుతుంది. తెగిన తలాన్ని ఎస్‌ఈఎంలో (ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో) చూడండి: చదునైన కణాలు ఆకారం చెడకుండా ఊడివచ్చి ఉంటే లోపం అతుకులదే, లోహం సాగి తెగితే డింపుల్స్ (చిన్న గుంటలు) కనిపిస్తాయి.

నమూనాను ఏ దిశలో కోశారో మీరు రాయలేదు, నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. కణాలు పొర తలానికి సమాంతరంగా చదునవుతాయి కాబట్టి, పొరల మందం దిశలో లాగితే బలం సాధారణంగా ఇంకా తగ్గుతుంది. భాగంపై భారం ఆ దిశలో పడేటట్లయితే, పొర వెంట కోసిన నమూనా ఫలితాన్ని డిజైన్‌లో వాడకండి.

వేడిచికిత్స బాగా ఉపకరిస్తుంది. అనీలింగ్‌తో (వేడిచేసి మెత్తబరచడంతో) కాఠిన్యం కొంత తగ్గినా, రీక్రిస్టలైజేషన్ (కొత్త గ్రెయిన్లు ఏర్పడటం), కణాల మధ్య డిఫ్యూజన్ (పరమాణువులు ఒకదాన్నుంచి మరోదానిలోకి చేరడం) జరిగి సాగుదల మెరుగవుతుంది. ఆ బేరం లాభమేనని నా అభిప్రాయం. బలం కూడా కావాలంటే 6061కు సుమారు 530 డిగ్రీల సెల్సియస్ వద్ద సొల్యూషన్ ట్రీట్‌మెంట్ (మిశ్రమ మూలకాలు లోహంలో కలిసిపోయేలా వేడిచేయడం), క్వెంచింగ్ (వెంటనే చల్లార్చడం), ఆపై 175 డిగ్రీల దగ్గర ఏజింగ్ (బలం పెరిగేలా కొంతసేపు వేడిలో ఉంచడం) చేస్తారు. అయితే పౌడర్ తేమ పీల్చి ఉంటే ఆ వేడికి లోపలి వాయువు ఉబ్బి బొబ్బలు లేస్తాయి కనుక, పౌడర్‌ను ముందుగానే ఆరబెట్టడం అవసరం.

హీలియంతో కణాల వేగం పెరిగి అతుకులు మెరుగవుతాయి, కానీ ఖర్చు ఎక్కువ. అరిగిన హౌసింగ్ (యంత్రపు బయటి తొడుగు) కొలతను తిరిగి తేవడానికైతే నైట్రోజన్‌తో పేర్చిన పొర చాలావరకు సరిపోతుంది. భారం మోసే భాగానికి మాత్రం, వేడిచికిత్స పూర్తయ్యాక మందం దిశలో కొలిచిన సాగుదల చేతికి వచ్చేదాకా నేను ఒప్పుకోను.