చంటిబిడ్డ నిద్ర చెడకుండా రోబో వాక్యూమ్ ఎంచుకోవడం: ఒంగోలులో మా అనుభవం

నెల్లూరు వేదాయపాళెంలో రెండు పడక గదుల ఫ్లాటు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడి లేచే ఐదు నెలల పాప, మరి కొద్ది వారాల్లో దోగాడడం మొదలుపెడుతుంది కనుక నేల రోజూ శుభ్రంగా ఉండాలన్న ఆరాటం, 20,000 రూపాయల బడ్జెట్. వీటికి తగినట్టు శబ్దం తక్కువ చేసే రోబో వాక్యూమ్, అంటే తనంతట తానే తిరుగుతూ ఇల్లు ఊడ్చే యంత్రం, ఏదని మీరు అడిగారు. మాది ఒంగోలు, మా బాబుకు ఇప్పుడు ఏడాదిన్నర. వాడు పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో రెండు రోబోలు తిరిగాయి. మొదటిదాన్ని మూడు నెలలకే పక్కన పెట్టాం, రెండవది ఈ రోజు ఉదయం కూడా ఇల్లంతా ఊడ్చింది. ఆ రెండింటి మోటారు శబ్దంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. అందుకే శబ్దం అంకె చూసి కొనవద్దని ముందుగా చెబుతున్నాను.

మొదటిదాన్ని నేను సరిగ్గా ఆ అంకె చూసే కొన్నాను. పెట్టె మీద 55 డెసిబెల్స్ అని ఉంది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితిగా పెట్టాయి కదా, ఇది పగటి పరిమితిలోనే ఉంది కదా అని ధైర్యపడ్డాను. ఆ అంకె సాధారణంగా అన్నిటికంటే తక్కువ పీల్చే మోడ్‌లో కొలిచినదనీ, 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు శబ్దంలా వినిపిస్తుందనీ తరువాత తెలిసింది. అయినా, నిజం చెప్పాలంటే, మా బాబు నిద్ర చెడగొట్టింది ఆ మోటారు హోరు కాదు. మే నెలలో ఫ్యాను అయిదులో తిరుగుతున్నప్పుడు దాని కింద రోబో హోరు కలిసిపోయేది, వాడు కదిలేవాడు కాదు. ఇల్లు ఎలా ఉందో దానికి తెలియకపోవడం వల్ల అది ఇనుప బీరువాను గుద్దుకునేది, వంటింట్లో గోడ పక్కన పెట్టిన స్టీలు బిందెను ఖంగుమనిపించేది, ప్లాస్టిక్ కుర్చీని టైల్స్ మీద కీచుమని ఈడ్చేది. పని ముగియగానే ఒక ఆడగొంతు ఇంగ్లీషులో గట్టిగా ప్రకటన చేసేది. వాడు ఆ గొంతుకు లేచేవాడు.

ఒక మధ్యాహ్నం సంగతి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. మా అమ్మ చీర ఉయ్యాల కట్టి, చాలాసేపు ఊపి, బాబును నిద్రపుచ్చి అప్పుడే లేచింది. పక్క గదిలో ఉందనుకున్న రోబో తలుపు సందులోంచి వచ్చి ఉయ్యాల కిందికి దూరింది. చీర చెంగు నేలకు జానెడు ఎత్తున ఉంటుందని అనుకున్నాం గాని, బిడ్డ బరువుకు సాగి ఒక మూల నేలను తాకుతోంది. రోబో అంచున గిరగిర తిరిగే పక్క బ్రష్ ఆ మూలను చుట్టేసుకుంది, ఉయ్యాల ఒక్కసారి కిందికి గుంజినట్టయింది, యంత్రం ఆగిపోయి బీప్ బీప్ మని మొదలుపెట్టింది. బాబుకు ఏమీ కాలేదు, కానీ వాడు ఏడ్చిన ఏడుపు, మా అమ్మ చేతులు వణకడం నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. మీ ఇంట్లో చీర ఉయ్యాల ఉంటే, ఎంత మంచి రోబో అయినా సరే, ఉయ్యాల ఉన్న గదిలోకి దాన్ని వెళ్లనివ్వకండి. బ్రష్‌లో చిక్కుకున్న చెంగును లాగకండి, ముందు యంత్రాన్ని ఆపి తరువాత విడదీయండి.

అందువల్ల నా సలహా ఏమిటంటే, మీ డబ్బును పీల్చే శక్తి మీద కాకుండా దారి తెలిసిన యంత్రం మీద పెట్టండి. తక్కువ ధరలో దొరికే చాలా రోబోలు చక్రాల తిరుగుడును, ఎటు మళ్లిందో పసిగట్టే లోపలి గైరోస్కోపును బట్టి అంచనాగా వరుసలు కడతాయి, అంతకంటే చౌకవి గుద్దుకుని దిక్కు మార్చుకుంటూ పోతాయి. లేజర్ ఉన్నవాటికి పైన చిన్న బురుజులాంటిది ఉంటుంది. అది లోపల గిరగిర తిరుగుతూ గోడల దూరం కొలిచి, ఇంటి పటాన్ని గీసి దాచుకుంటుంది. ఆ పటం మీద ఫోనులో ఒక గీత గీస్తే రోబో దాన్ని దాటి వెళ్లదు. ఏ రోజు ఏ గది ఎన్ని గంటలకు ఊడ్వాలో విడివిడిగా పెట్టవచ్చు. పాప పడక గదిలో నిద్రపోతున్నప్పుడు తలుపు మూసి హాలు, వంటిల్లు ఊడ్పించడం, పాపను స్నానానికి తీసుకెళ్లినప్పుడు పడక గది ఊడ్పించడం దీనితోనే సాధ్యం. షావోమీ, ఎకోవాక్స్ వంటి కంపెనీల లేజర్ రకాల్లో ప్రాథమిక మోడళ్లు పండుగ అమ్మకాలప్పుడు మీ బడ్జెట్‌కు దగ్గరగా వస్తాయి. కొనే ముందు గదులవారీ షెడ్యూలు, నిషేధ గీతలు, గొంతు పూర్తిగా ఆపే సదుపాయం, ఈ మూడూ ఆ మోడల్‌లో ఉన్నాయో లేదో చూడండి.

పీల్చే శక్తిని పాస్కల్స్‌లో పెద్ద పెద్ద అంకెలతో ప్రచారం చేస్తారు. తివాచీలు లేని మన టైల్స్ నేలకు 2,000 నుంచి 2,500 పాస్కల్స్ చాలు. అంతకు మించినది ఉన్నా నేను తక్కువ మోడ్‌లోనే నడుపుతాను. చెత్తను తనంతట తానే పెద్ద డబ్బాలోకి లాగేసుకునే స్టాండ్ మాత్రం చంటిబిడ్డ ఉన్నంతకాలం వద్దు. ఖాళీ చేసేది కొన్ని క్షణాలే అయినా ఆ శబ్దం మిక్సీ వేసినట్టు ఉంటుంది, ధర కూడా బాగా పెరుగుతుంది.

ఇక మన జిల్లాల్లో కొనేవాళ్లు తప్పక చూసుకోవలసింది నేల రంగు. మాకు గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి దగ్గర కావడంతో ఇళ్లలో నల్లటి గెలాక్సీ గ్రానైట్ విరివిగా వాడతారు, నెల్లూరు ఇళ్లలో కూడా హాలు అంచులకు, గుమ్మాలకు అది కనిపిస్తుంది. రోబో మెట్ల మీదినుంచి పడిపోకుండా దాని అడుగున పరారుణ కిరణాల సెన్సార్లు ఉంటాయి. నేల నుంచి కిరణం తిరిగి వస్తే ముందుకు నడుస్తుంది, రాకపోతే అక్కడ గొయ్యి ఉందనుకుని వెనక్కి తగ్గుతుంది. నల్లని రాయి ఆ కిరణాలను పీల్చుకోవడం వల్ల గొయ్యి లేని నేల కూడా దానికి గొయ్యిలా తోస్తుంది. మా హాలు చుట్టూ అడుగు వెడల్పున నల్ల గ్రానైట్ అంచు ఉంది. మొదటి రోబో ఆ అంచు దాకా వచ్చి, ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ వచ్చి, చివరికి మధ్యలో నిలబడిపోయేది. గోడల వెంబడి దుమ్ము అలాగే ఉండిపోయేది, కర్నూలు రోడ్డు మీది గ్రానైట్ లారీల పుణ్యమా అని మాకు దుమ్ముకు కొదవ లేదు. సెన్సార్లకు తెల్ల కాగితం అంటించమని మా బావమరిది సలహా ఇచ్చాడు. మా ఇంట్లో డాబా మెట్లు ఉన్నాయి, అంటిస్తే అది నిజమైన మెట్టును కూడా గుర్తించదు, కాబట్టి ఒప్పుకోలేదు. రెండవదాన్ని, నచ్చకపోతే తిరిగి ఇచ్చే గడువు ఉన్న చోట కొని, తెచ్చిన రోజే ఆ నల్ల అంచు మీద నడిపించి చూసి ఉంచుకున్నాం.

గడపల ఎత్తు కూడా కొలవండి. చాలా రోబోలు 2 సెంటీమీటర్లు మించిన గడపను ఎక్కలేవు. పసుపు రాసి బొట్లు పెట్టే గడప వీధి గుమ్మానికే ఉంటే ఇబ్బంది లేదు, గదుల మధ్య కూడా ఉంటే రోబోను చేతితో ఎత్తి మార్చవలసి వస్తుంది.

పాప దోగాడే వయసుకు సంబంధించి కొన్ని మాటలు. కాన్పు తర్వాత మూడు నాలుగు నెలలకు తల్లికి జుట్టు ఎక్కువగా రాలడం సహజం. నా భార్య జుట్టు వారం రోజుల్లో బ్రష్ ఇరుసుకు దారపు కండెలా చుట్టుకునేది, కోసి తీయకపోతే యంత్రం మూలగడం మొదలుపెట్టేది. పాప కక్కిన పాలు నేల మీద ఉండగా రోబోను వదిలితే అది వాటిని ఇల్లంతా పూస్తుంది, అందుకే ముందు గుడ్డతో తుడవాలి. ఫిల్టరును, దుమ్ము డబ్బాను పాప ఉన్న గదిలో దులపకుండా డాబా మీదో బాల్కనీలోనో దులపండి. కడగదగిన ఫిల్టరు అయితే కడిగాక ఒక రోజంతా నీడలో ఆరనిచ్చి పెట్టండి. తడి గుడ్డ సదుపాయం ఉంటే ట్యాంకులో మంచినీళ్లు మాత్రమే పోయండి, ఫినాయిల్ పోయకండి, నేల ఆరిన తరువాతే పాపను దింపండి. పాప నేల మీద ఉన్నప్పుడు అదే గదిలో రోబోను ఎప్పుడూ నడపకండి. తిరిగే పక్క బ్రష్ పిల్లలను ఎంతగానో ఆకర్షిస్తుంది, వేళ్లు అక్కడికే పోతాయి.

మా ఇంట్లో అది ఉదయం పదింటికి, బాబు మొదటి నిద్రలో ఉండగా, మూసిన తలుపుకు ఇవతల తిరుగుతుంది. మొదట్లో నేను ఆఫీసు నుంచి వచ్చాక సాయంత్రం నడిపేవాణ్ణి, దీపం పెట్టిన తరువాత ఇల్లు ఊడ్వకూడదని మా అమ్మ అభ్యంతరం చెప్పడంతో ఉదయానికి మార్చాం, బాబు నిద్రకు కూడా ఆ వేళే కుదిరింది. పనమ్మాయిని మానిపించలేదు. మూలలు, మంచాల కింద తడిగుడ్డ ఇప్పటికీ ఆమే పెడుతుంది.

మీ హాలు టైల్స్ రంగు ఏమిటో, గదుల మధ్య గడపలు ఉంటే ఎన్ని సెంటీమీటర్లో స్కేలుతో కొలిచి, పాప పగలు ఏ గదిలో, మంచం మీదనా ఉయ్యాలలోనా పడుకుంటుందో రాయండి. దాన్ని బట్టి లేజర్ రకాల్లో మీ ఇంటికి ఏది సరిపోతుందో చెప్పగలను.