ఆపరేషన్ మాట తలపెట్టే ముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

అరచేతుల చెమట భరించలేక ఆపరేషన్ చేయించుకుంటానని నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఆ బాధ నాకు కొత్త కాదు. చెన్నై మాంబళంలో లెక్కలు రాసినన్నాళ్లూ, కుడిచేతి కింద మడతపెట్టిన రుమాలు లేనిదే పద్దు పుస్తకంలో అంకె చెదరకుండా నిలిచేది కాదు.

ముందు చర్మవైద్యుణ్ణి కలువు. చిన్ననాటి నుంచీ రెండు చేతులకూ సమానంగా పట్టి, నిద్రలో ఆగిపోయే చెమటకు సాధారణంగా వేరే జబ్బేదీ కారణం కాదు. ఒళ్లంతా పట్టినా, రాత్రిళ్లు పక్క తడిసినా, థైరాయిడ్, మధుమేహం, క్షయ ఉన్నాయేమో చూడవలసిందే.

మొదటి మందు అల్యూమినియం క్లోరైడ్ లోషన్. రాత్రి పూర్తిగా ఆరిన చర్మానికి రాసి, ఉదయం కడిగేయాలి. స్నానం చేసిన తడి మీదే చంకల్లో రాసుకుని, ఆ మంటకు తెల్లవార్లూ ఫ్యాను కింద చేతులెత్తి కూర్చున్న ఘనుణ్ణి నేను. తడి తగిలితే అది ఆమ్లాన్ని పుట్టిస్తుందని ఆ తరువాత గాని తెలియలేదు.

అరచేతులకు నేను నమ్మేది అయాంటోఫొరెసిస్. కుళాయి నీళ్లు పోసిన పళ్లేలలో చేతులుంచి, 15 నుంచి 20 మిల్లీయాంపియర్ల విద్యుత్తును 20, 30 నిమిషాల పాటు పంపుతారు. మొదట్లో వారానికి 3 సార్లు, గుణం కనిపించాక వారానికొకసారి చాలు. మానేస్తే చెమట మళ్లీ మొదలవుతుంది. పేస్‌మేకర్ ఉన్నవారికీ గర్భిణులకూ ఇది కూడదు.

బొటాక్స్ సూదులు కొన్ని నెలలు పనిచేస్తాయి గాని, అరచేతిలో నొప్పి ఎక్కువ, ఖర్చూ ఎక్కువే. గ్లైకోపైరోలేట్ మాత్రలతో నోరు ఎండిపోతుంది. పైగా ఒంటిని చల్లార్చే చెమటనే అవి తగ్గిస్తాయి కాబట్టి, చెన్నై కత్తిరి ఎండల్లో వడదెబ్బ భయం ఉంది.

ఇక ఆపరేషన్. ఛాతీలో ఉండి చేతులకు చెమట పట్టించే సింపథెటిక్ నరాన్ని కత్తిరిస్తే చేతులు ఆరిపోతాయన్నది నిజమే. అయితే చాలామందికి ఆ చెమట వీపుకూ పొట్టకూ తొడలకూ మళ్లుతుంది, కత్తిరించిన నరం మళ్లీ అతకదు. చేతికైతే రుమాలు ఉంది; ఈ ఊరి ఉక్కలో వీపు మీద తడిసి అంటుకునే చొక్కాకు ఏం చేస్తావు? మిగిలినవన్నీ సరిగ్గా వాడి చూశాక గాని ఆ మాట ఎత్తకు.

డాక్టరు సరేనంటే ఆదివారం రా, నా అయాంటోఫొరెసిస్ యంత్రం వాడే తీరు చూపిస్తాను. ఉంగరం తీసేసి రా; గోళ్ల దగ్గర గాట్లుంటే నీళ్లలో చెయ్యి పెట్టేముందు వాటికి వాసెలిన్ రాద్దాం.

పెదనాన్న